సర్కారు టేకు

వీరభద్రానికి వరంగల్ చౌరస్తా దగ్గర దర్వాజాల దుకాణం ఉంది. చెక్కను వేళ్ల కణుపులతో ఒకసారి తట్టి అది ఏ వయసు చెట్టుదో చెప్పగలడని బజార్లో పేరు. ఇల్లు కట్టుకునేవాళ్లు సింహద్వారం కోసం హనుమకొండ నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. సగం టేకు సర్కారు కలప డిపోలో వేలంపాట పాడి తెచ్చేవాడు. మిగతా సగం సదానందం పంపేవాడు. సదానందానిది నర్సంపేట అవతల ఊరు. తెల్లచొక్కా వేసుకుని, భుజాన తువ్వాలతో నవ్వుతూ వచ్చేవాడు. దుంగలు ఎక్కడివని వీరభద్రం ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం వల్లనే తాను నిజాయితీపరుడినని పదిహేనేళ్లుగా నమ్ముతూ వచ్చాడు. సదానందం కూతురి పెళ్లికి వెళ్లి, పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు నీళ్ల చెంబు అందించినవాడు కూడా అతనే.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. భార్య సావిత్రికి దుకాణం వ్యవహారాలు పట్టవు. కూతురు అక్షర డిగ్రీ రెండో సంవత్సరంలో చరిత్ర చదువుతోంది. కాలేజీలో ఏదైనా పాత కట్టడం చూసి వ్యాసం రాయమన్నారు. క్లాసులో అందరూ ఖిలా వరంగల్ మీదే రాస్తున్నారని, తను మాదన్నకుంట అడవికి పోతానని అక్షర పట్టుబట్టింది. ఆ అడవిలో కాకతీయుల కాలపు చెరువు, రాతి తూము ఉన్నాయి. చెరువు చుట్టూ నిజాం జమానాలో నాటించిన టేకు ఉంది. సర్కారు అడవే అయినా టికెట్టు కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు. వీరభద్రం రెండు వారాలు ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేశాడు. మూడో వారం సావిత్రి పులిహోర చేసి డబ్బాలో సర్దేసింది. ఇక తప్పలేదు.

నవంబరు ఆదివారం, పొద్దున పది గంటలకు గేటు దగ్గర కారు ఆపారు. దారి చూపించడానికి అటవీశాఖ వాచర్ యోసేపు వచ్చాడు. యాభై ఆరేళ్ల మనిషి, వెలిసిన ఖాకీ చొక్కా, రబ్బరు చెప్పులు, చేతిలో వెదురు కర్ర. ఇరవై రెండేళ్లుగా అదే అడవిలో ఉన్నాడు, ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ మాట కూడా అక్షర అడిగితేనే చెప్పాడు. చెట్లను మాత్రం అడగకుండానే పరిచయం చేస్తూ నడిచాడు. ఇది పిడుగు పడినా బతికింది, దీని తొర్రలో ఏటా పాలపిట్ట పిల్లల్ని పెడుతుంది, దీని మీద నిజాం కాలపు నంబరు ఇంకా కనిపిస్తుంది. ఆ నంబరు బెరడులో సగం పూడిపోయి, పాత గాయంలా ఉంది. అక్షర దాన్ని వేలితో తడిమి చూసింది.

వీరభద్రం తలెత్తి చెట్లను చూస్తూ నడుస్తున్నాడు. అంతటి టేకును నిలబడి ఉండగా అతను చూడటం అదే మొదటిసారి. మొదట్లో కళ్లు వాటంతట అవే పొడవు, చుట్టుకొలత అంచనా వేశాయి. కాసేపటికి ఆ పని మానేశాయి. ఎండిన పెద్దపెద్ద ఆకులు కాళ్లకింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఏం పని చేస్తారని యోసేపు అడిగితే చౌరస్తాలో దుకాణం ఉందని చెప్పి ఊరుకున్నాడు. ఏం దుకాణమో సావిత్రి చెప్పబోయేలోగా ముందుకు నడిచాడు.

తూము చెరువు కట్ట లోపలి వైపు ఉంది. నిలువెత్తు రాతి స్తంభాలు రెండు, వాటి మీద అడ్డంగా ఇంకో రాయి, రాయి మీద ఏనుగుల వరుస. అక్షర ఫోన్లో ఫోటోలు తీస్తూ, కొలతలు పుస్తకంలో రాసుకుంటూ ఉంటే పెద్దవాళ్లు ముగ్గురూ నీడలో కూర్చున్నారు. సావిత్రి యోసేపుకు విస్తరాకులో పులిహోర పెట్టి ఇచ్చింది. అతను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని తిన్నాడు. తింటూ, నిరుటి వానాకాలం నుంచి పంతొమ్మిది మానులు పోయాయని చెప్పాడు. ఎవరు కోస్తున్నారో తెలియదా అని సావిత్రి అడిగింది.

“కోసెటోల్లు తెల్సమ్మా. రెండుసార్లు పట్టిచ్చిన, బయటికొచ్చిండ్రు. కొనెటోడే తెల్వదు. వాడు కొనకపోతే వీల్లు కొయ్యరు గదా.”

వీరభద్రం నీళ్ల సీసా ఎత్తి తాగాడు.

అప్పుడే కట్ట అవతల నుంచి మోటారు రంపం మోత వినిపించింది. యోసేపు తింటున్న ఆకు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఫోన్ చూసుకుంటే సిగ్నల్ లేదు. కట్ట మీద ఒక్కోసారి దొరుకుతుందని, పైకి వెళ్లి తన ఆఫీసరుకు ఫోన్ చెయ్యమని అక్షరకు నంబరు చెప్పాడు. చేశాక అందరూ గేటు దగ్గరికి వెళ్లిపోవాలని, తన వెనక మాత్రం రావద్దని అన్నాడు. ఒక్కరే ఎలా పోతారని సావిత్రి ఆపబోయింది. తను పోయేసరికి వాళ్లు పారిపోతారు లెమ్మని, వెదురు కర్ర పట్టుకుని కట్ట దాటి దిగిపోయాడు.

తల్లీకూతుళ్లు కట్ట ఎక్కారు. వీరభద్రం వాళ్ల వెనకే ఎక్కి, కట్ట అంచున ఉన్న పాత రాతి దిమ్మె పక్కన ఆగాడు. అవతల నలభై గజాల దూరంలో, పల్లంలో, అంతా కనిపిస్తోంది. ఒక చెట్టు అప్పటికే కూలి ముక్కలై ఉంది. ఇంకో మహావృక్షం మొదట్లో రంపం సగం దిగి ఉంది. ముగ్గురు మనుషులు. ఒకడు రంపం పట్టుకున్నాడు, ఒకడు కొమ్మలు నరుకుతున్నాడు. మూడోవాడు తెల్లచొక్కాతో, భుజం మీద గొడ్డలితో నిలబడి పని చెబుతున్నాడు. అది సదానందం అని గుర్తుపట్టగానే వీరభద్రం దిమ్మె వెనక్కి ఒదిగాడు.

ఫోన్ కలవలేదు. అక్షర మూడుసార్లు ప్రయత్నించి, చివరికి వీడియో తీయడం మొదలుపెట్టింది.

వాళ్లు పారిపోలేదు. యోసేపు వెనకనుంచి వెళ్లి రంపంవాడి మెడ పట్టుకుని గుంజాడు. రంపం చెట్టులో ఇరుక్కుని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో యోసేపు కర్ర రెండోవాడి దవడకు తగిలిన చప్పుడు కట్ట మీదికి స్పష్టంగా వినిపించింది. వాడు నోరు పట్టుకుని కూలబడ్డాడు. యోసేపు కర్ర మళ్లీ ఎత్తాడు. సదానందం తొందరపడకుండా రెండడుగులు వేసి గొడ్డలితో అతని భుజం మీద కొట్టాడు. చెక్క చీలే మోతే అది, కాస్త తడిగా వినిపించింది. యోసేపు తిరిగి, అడ్డంగా కుడిచెయ్యి ఎత్తాడు. రెండో దెబ్బ మోచేతి కింద పడింది. చెయ్యి అక్కడికక్కడ వంగి, తోలు పట్టుకుని వేలాడింది. అతను మోకాళ్ల మీద పడి, ఉన్న ఒక్క చేత్తో సదానందం కాలు కౌగిలించుకున్నాడు. సదానందం రెండో కాలితో ముఖం మీద తన్నాడు. మూడోసారి తన్నాక గానీ ఆ పట్టు వీడలేదు.

అక్షర కేక పెట్టింది. ముగ్గురూ కట్ట వైపు చూశారు.

రంపంవాడు, దవడ విరిగినవాడు కట్ట మీదికి పరుగెత్తుకొచ్చారు. సావిత్రి కూతురికి అడ్డం నిలబడింది. ఒకడు ఆమెను చెంప మీద కొట్టి తోసేశాడు. ఆమె తల రాళ్లకు తగిలి, నుదురు చిట్లి, రక్తం కన్ను మీదుగా కారింది. రెండోవాడు అక్షర జుట్టు పట్టుకుని కట్ట మీదనుంచి కిందకు ఈడ్చుకుపోయాడు. అమ్మాయి మోకాళ్లు రాళ్లకు గీసుకుంటూ పోయాయి. సదానందం ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని, దుంగ మీద పెట్టి గొడ్డలి వెనక వైపుతో నుజ్జు చేశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

ఇదంతా జరిగినంతసేపూ వీరభద్రం దిమ్మె వెనకే ఉన్నాడు. భయంతో ఆగాడని అనుకోవడానికి లేదు. దెబ్బలు తినడం, కొట్టడం చిన్నప్పుడు బజార్లో అతనికి కొత్త కాదు. సదానందం తనను చూస్తే పలకరిస్తాడు, ఆ పలకరింపు భార్యాబిడ్డలు వింటారు. అతన్ని పట్టి ఉంచింది అది. కూతురు అరుపు రెండోసారి విన్నాక కాళ్లు కదిలాయి. చేతులెత్తి కట్ట దిగుతూ, “సదానందం, అది నా బిడ్డ” అన్నాడు.

సదానందం గొడ్డలి దించాడు.

“అన్నా, నువ్వు గీడెందుకున్నవ్?” అని, వెంటనే తనవాళ్లకు చెయ్యి ఊపాడు. “ఇడ్సిపెట్టుండ్రి. మనోల్లే.”

జుట్టు పట్టుకున్నవాడు వదిలేశాడు. సావిత్రి కొంగు నుదుటికి అదుముకుని కిందికి వచ్చింది. సదానందం ఊపిరి పీల్చుకుని, ముఖం తుడుచుకుని, బజార్లో కలిసినట్టే మాట్లాడటం మొదలుపెట్టాడు. ముందే చెప్పి వస్తే ఇంత జరిగేది కాదన్నాడు. వదినను చూసుకోలేదు, ఏమనుకోవద్దన్నాడు. కూలబోతున్న చెట్టు వైపు చెయ్యి చూపించాడు.

“గిది నీదే అన్నా. మొన్న పెద్ద దర్వాజకు ఒక్కటే చెక్క గావాలంటివి గదా. ఇంత కొలత ఇంకేడ దొరుకుతది?”

అక్షర తండ్రి ముఖంలోకి చూసింది. అతను అబద్ధం చెప్పి ఉంటే బహుశా నమ్మేది. అతను చూపు చెట్టు వైపు తిప్పుకున్నాడు.

దవడ విరిగినవాడు నెత్తురు ఉమ్మి, ముసలోడు బతికితే తమ పేర్లు చెబుతాడని నంగినంగిగా అన్నాడు. సదానందం యోసేపును చూశాడు. యోసేపు ఆకుల మీద పక్కకు ఒరిగి, ఎడమ చేత్తో తెగిన చేతిని కడుపుకు అదుముకుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. సదానందం వీరభద్రం భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా, అయినవాడికి చెప్పినట్టే చెప్పాడు.

“నువ్వు ఇంటోల్లను తీస్కొని పో అన్నా. ఎనుకకు చూడకు.”

వీరభద్రం సావిత్రి చెయ్యి పట్టుకుని నడిచాడు. నిజంగానే నడిచాడు. కట్ట మొదలు దాకా వెళ్లాక వెనక మూడో మనిషి అడుగులు లేవని తెలిసింది. తిరిగి చూశాడు. అక్షర యోసేపు పక్కన కూర్చుని, తన చున్నీతో అతని చేతిని మోచేతి పైన బిగించి కడుతోంది. పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు.

జరగమని సదానందం ఆమెకు రెండుసార్లు చెప్పాడు. మూడోసారి కాలితో పక్కకు తోసి, గొడ్డలి రెండు చేతులా ఎత్తాడు.

దుంగలు దొర్లించడానికి తెచ్చిన గడ్డపార వీరభద్రం దారిలో ఉంది. ఎప్పుడు వంగి తీసుకున్నాడో అతనికి తెలియదు. పరుగెత్తుకు వచ్చి సదానందం వీపు మీద మోదాడు. గొడ్డలి గురి తప్పి నేలలో దిగింది. సదానందం మోకాలి మీద పడి, ఏమైందో అర్థం కానట్టు వెనక్కి చూశాడు. అర్థం కాగానే గొడ్డలి ఊడబెరికి విసురుగా తిప్పాడు. వీరభద్రం ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్లు ఆకుల్లో పడ్డాయి. నొప్పి అప్పటికి రాలేదు. గడ్డపారతో గొడ్డలి కామను కొడితే అది అవతల పడింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి దొర్లారు.

రంపంవాడు రంపాన్ని చెట్టులోంచి లాగి, తాడు గుంజి మళ్లీ నడిపించి, దాన్ని ముందుకు పట్టుకుని వచ్చాడు. సావిత్రి కట్ట రాయి ఒకటి రెండు చేతులా ఎత్తి విసిరింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఒక్కరినైనా కొట్టి ఎరగదు. రాయి వాడి కణతకు తగిలింది. చేతిలోంచి జారిన రంపం ఆగేలోపల వాడి పిక్కను కోసేసింది. వాడు అరుస్తూ కుంటుతూ అడవిలోకి పారిపోయాడు. దవడ విరిగినవాడు అది చూసి వాడి వెంటే పరుగెత్తాడు.

సదానందం పైన ఉన్నాడు. రెండు చేతులా వీరభద్రం గొంతు నొక్కుతూ, పళ్లు బిగించి, ఇన్నేండ్లు నా కట్టె తిని, నా కట్టె తిని అని ఒకటే మాట అంటున్నాడు. వీరభద్రానికి కళ్లు చీకట్లు కమ్మాయి. కుడిచేతికి గడ్డపార దొరికింది. పొట్టిగా పట్టుకుని తల పక్కన కొట్టాడు. గొంతు మీద పట్టు సడలింది. రెండో దెబ్బకు సదానందం పక్కకు ఒరిగాడు. వీరభద్రం లేచి, మోకాళ్ల మీద కూర్చుని, మూడో దెబ్బ కొట్టాడు. సదానందం చేతులు చాచి వెల్లకిలా పడి ఉన్నాడు, కదలడం లేదు, పెదవులు మాత్రం ఏదో చెప్పబోతున్నట్టు ఆడుతున్నాయి. వీరభద్రం నాలుగోసారి కొట్టాడు.

ఆ తర్వాత అడవిలో వినిపించింది అక్షర ఏడుపు ఒక్కటే.

యోసేపును గేటు దగ్గరున్న కారు దాకా ఇద్దరు ఆడవాళ్లూ మోశారు. ఇంకా ఊపిరి ఆడుతున్న సదానందాన్ని అక్కడే వదిలేద్దామని వీరభద్రం అన్నాడు. వాణ్ని కూడా ఎక్కియ్యమని సావిత్రి అంది. ఆమె గొంతు అతనికి కొత్తగా వినిపించింది. సదానందాన్ని అతనే ఈడ్చుకొచ్చాడు. యోసేపు తల అక్షర ఒడిలో, సదానందం ముందు సీట్లో బెల్టు బిగించి. వీరభద్రం చేతికి తువ్వాలు చుట్టుకుని ఒంటి చేత్తో కారు నడిపాడు. నర్సంపేట చేరేలోపలే పక్క సీట్లో సదానందం గురక ఆగిపోయింది, ఊపిరి కూడా.

పెద్ద దవాఖానలో యోసేపు చేతిని మోచేతి కింద తీసేశారు. ప్రాణం దక్కింది. పోలీసులు వీరభద్రం వాంగ్మూలం రాసుకున్నారు. స్మగ్లర్లు వాచర్‌ను నరుకుతుంటే అడ్డం వెళ్లాడు, బిడ్డ మీదికి వస్తే ఎదురు తిరిగాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పారిపోయిన ఇద్దరి జాడ దొరకలేదు. పేపర్లో అతని ఫోటో వచ్చింది. బజారు వాళ్లంతా దుకాణానికి వచ్చి శాలువా కప్పారు. కట్టు కట్టిన చేత్తో అతను దండం పెట్టాడు. సాయంత్రం ఆ శాలువాను ఇంటికి తేకుండా దుకాణంలోనే వదిలేశాడు.

ఇంట్లో సావిత్రి అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. నుదుటి మీద ఏడు కుట్లు. అక్షర అతను ముందు గదిలోకి వస్తే లోపలి గదిలోకి వెళ్లేది. పోలీసులు అడిగినప్పుడు ఆ చెట్టు తండ్రి కోసమేనన్న మాట ఆమె కూడా చెప్పలేదు. తండ్రిని కాపాడాలని దాచిందా, అతను తానే చెబుతాడని ఎదురుచూస్తోందా అన్నది అతనికి తెలియలేదు.

పదో రోజున యోసేపును చూడటానికి వెళ్లాడు. యోసేపు భార్య రత్నమ్మ మంచం పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. వీరభద్రాన్ని చూడగానే లేచి అతని చేతులు పట్టుకుంది. మీరు లేకపోతే నా ఇల్లు చీకటయ్యేదని, రోజూ చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తున్నానని కన్నీళ్లు పెట్టుకుంది. చాయ తెస్తానని వద్దన్నా వినకుండా బయటికి వెళ్లింది. యోసేపు ఆమె తలుపు దాటేదాకా ఆగాడు.

“నాకప్పుడు సోయి ఉండె సారు. అన్ని ఇన్న.”

వీరభద్రం స్టూలు మీద కూర్చున్నాడు. మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“ఎట్ల చెప్పాలె? పోయినోనివి మల్లొచ్చినవ్. నువ్వు రాకుంటే నేను లేను. కట్టె కొన్నది గూడ నువ్వే. నువ్వు కొనకుంటే నా చెయ్యి ఉంటుండె. రెండూ నిజమే. పండుకున్నకాన్నుంచి గదే సోచాయిస్తాన్న.” ఎడమ చేత్తో కుడిచేతి కట్టు సర్దుకున్నాడు. “నేను చెప్పను సారు. నువ్వే చెప్పు. గా నాలుగో దెబ్బ గూడ చెప్పు.”

రత్నమ్మ చాయ తెచ్చేసరికి వీరభద్రం స్టూలు మీద లేడు.

దవాఖాన నుంచి నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు. పదిహేనేళ్ల సంగతి మొదటినుంచీ చెప్పాడు. నాలుగో దెబ్బ దగ్గరికి వచ్చేసరికి ఎస్సై రాయడం ఆపాడు. ఆత్మరక్షణ కేసు ఇది, నీ అంతట నువ్వు ఎందుకు పాడు చేసుకుంటావని, ఇంటికి వెళ్లి వకీలును కలిసి రమ్మని మంచిగానే చెప్పాడు. వీరభద్రం కదలలేదు. వాడు పడిపోయాక, చేతులు లేవలేనప్పుడు కొట్టానని, అలాగే రాయమని అన్నాడు. ఎస్సై రాశాడు.

దుకాణానికి సీలు పడింది. గోదాంలో అటవీశాఖ ముద్రల్లేని దుంగలన్నీ లారీకెత్తించి తీసుకుపోయారు. శాలువా కప్పినవాళ్లలో ఒకరిద్దరు తప్ప మిగతావాళ్లు దారిలో సావిత్రి ఎదురైతే తల తిప్పుకున్నారు. చర్చిలో అతని పేరు చెప్పడం ఆపమని రత్నమ్మ పాస్టరుకు చెప్పిందట. తర్వాతి ఆదివారం మళ్లీ చెప్పమందట. సదానందం భార్య కోర్టు ఆవరణలో వీరభద్రాన్ని చూసి చెప్పు తీసి విసిరింది. అది అతని రొమ్ముకు తగిలింది. పోలీసులు అడ్డం వెళ్లబోతే వద్దని ఆపాడు.

అతను జైల్లో ఉండగా మొదటి మూడు ములాఖత్‌లకు సావిత్రి ఒక్కతే వచ్చింది. ఇంటి సంగతులు రెండు ముక్కల్లో చెప్పి, ఉతికిన బట్టలు ఇచ్చి వెళ్లేది. నాలుగోసారి అక్షర వచ్చింది. జాలీకి అవతల కూర్చుంది. మోకాళ్ల గాయాలు మానాయా అని అతను అడిగాడు. మానాయంది.

“వాన్ని ఆఖరికి ఎందుకు కొట్టినవ్ డాడీ? యోసేపు తాత కోసమా, వాడు మల్లా నోరు తెరుస్తడనా?”

వీరభద్రం ఈ ప్రశ్నను రాత్రింబగళ్లు తనకు తాను వేసుకుంటూనే ఉన్నాడు. కూతురికి నచ్చే జవాబు ఒకటి సిద్ధంగా ఉంది. పెదవుల దాకా వచ్చింది కూడా.

“తెల్వదు బిడ్డా. ఆ పెదవులు కదులుతాంటే చూసిన. గంతే యాదికుంది.”

అక్షర తల వంచుకుంది. లేచి వెళ్లిపోతుందని అతను అనుకున్నాడు. ఆమె వెళ్లలేదు. ఇంకేమీ అడగనూ లేదు. గార్డు వచ్చి టైం అయిందని చెప్పేదాకా అక్కడే కూర్చుంది.